మీ బటర్ ఫ్రూట్ మొక్కకు ఏం కావాలంటే

హోసూరు

చిరంజీవులు బన్నీకి, చిన్నికి తాతయ్య ఆశీస్సులు.

గ్లాసు నీళ్లలో బటర్ ఫ్రూట్ (అవకాడో) గింజను మొలిపించారట కదా, మీ అమ్మ ఫోటో పంపింది. తెల్లటి వేరు గ్లాసు అడుగుదాకా దిగింది. ఎంత సంతోషమేసిందో! తొందరగా పెరగాలంటే ఏం వెయ్యాలని అడిగారట. ఫోన్లో చెబితే సగం మర్చిపోతారని రాస్తున్నాను.

ముందు నా మొదటి మొక్క సంగతి వినండి. బావి పక్కన పల్లంలో నాటి, పొద్దునా సాయంత్రం బిందెడు నీళ్లు పోసేవాణ్ణి. రెండో వానాకాలానికి ఆకులు చిన్నవై, పసుపెక్కి, వేలాడిపోయాయి. నీళ్లు చాలట్లేదేమోనని ఇంకా పోశాను. చచ్చిపోయాక తవ్వి చూస్తే సన్న వేళ్లన్నీ నల్లగా కుళ్లి, పట్టుకోగానే పుటుక్కున తెగిపోయాయి. అది వేరుకుళ్లు. ఫైటాఫ్తోరా అనే బూజులాంటి సూక్ష్మజీవి వల్ల వస్తుంది. నీళ్లు నిలిచిన మట్టిలో దాని సిద్ధబీజాలు, అంటే విత్తనాల్లాంటి కణాలు, ఈదుకుంటూ వేళ్లదాకా వస్తాయి. వేళ్లు పోయాక చుట్టూ నీళ్లున్నా చెట్టు తాగలేదు. అందుకే దాహమేసినట్టు వాడిపోతుంది, మనమేమో ఇంకా పోస్తాం. ఆ మొక్కను తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

షాపుల్లో గరుకు తొక్కతో 'హాస్' రకం కాయలు చూసే ఉంటారు. కాలిఫోర్నియాలో రుడాల్ఫ్ హాస్ అనే పోస్ట్‌మ్యాన్ పెంచిన ఒక్క గింజ చెట్టు నుంచి వచ్చిన రకం అది. 1935లో ఆయన దానికి పేటెంట్ తీసుకున్నాడు. ఇవాళ ప్రపంచంలో ఉన్న హాస్ చెట్లన్నిటికీ మూలం ఆ చెట్టు కొమ్మలతో కట్టిన అంట్లే. ఆ తల్లి చెట్టు 2002లో పోయింది. వేరుకుళ్లుతోనే.

ఈ చెట్టు పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా అడవులు. అక్కడ నేలంతా రాలిన ఆకులు పరుచుకుని ఉంటాయి. ఆహారం తీసుకునే సన్న వేళ్లు ఎక్కువగా పై జానెడు మట్టిలోనే, ఆ ఆకుల కిందే అల్లుకుంటాయి. అందుకే నా రెండో మొక్కను అడుగున్నర ఎత్తు దిబ్బ మీద పెట్టాను. చుట్టూ ఎండాకులు మందంగా పరిచాను, కాండానికి మాత్రం జానెడు దూరంలో. మొన్న ఆ ఆకులు కాస్త పక్కకు తీసి చూశాను. కింద నేల చల్లగా ఉంది, సేమియా లాంటి తెల్లటి వేళ్లు సగం కుళ్లిన ఆకుల్లోకి పాకి ఉన్నాయి. మళ్లీ మెల్లగా కప్పేశాను. అక్కడ పారతో తవ్వకూడదు, కలుపు చేత్తోనే పీకాలి.

మీరిప్పుడు చేయాల్సింది, గింజను అడుగున చిల్లులున్న కుండీలోకి మార్చడం. గింజ పైసగం మట్టి బయటే ఉండాలి. వేలు రెండు కణుపుల దాకా గుచ్చి, తడి తగలకపోతేనే నీళ్లు పొయ్యండి. ఎరువు కూడా కొంచెం కొంచెంగానే. బాగా మాగిన పశువుల ఎరువైతే మంచిది. ఆకుల చివర్లు మాడినట్టు గోధుమరంగుకు తిరిగితే ఉప్పు ఎక్కువైందన్నమాట. మీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి కాబట్టి వాన నీళ్లు పట్టిపెట్టుకోండి. వేసవిలో పడమటి ఎండ తగలకుండా గ్రీన్ నెట్ కట్టమని నాన్నకు చెప్పండి. లేత బెరడు ఎండకు కాలిపోతుంది.

ఒక్క మాట మాత్రం నిజం చెప్పాలి. గింజ మొక్క కాపుకు రావడానికి అయిదారేళ్ల నుంచి పదేళ్లు పైనే పట్టొచ్చు, కాయ మీరు తిన్న పండులా ఉంటుందన్న నమ్మకమూ లేదు. అంటు మొక్కయితే మూడు నాలుగేళ్లకే కాస్తుంది. అందుకని మీ మొక్క కాండం పెన్సిలంత లావు కాగానే ఫోన్ చెయ్యండి. నా చెట్టు కొమ్మ తడిగుడ్డలో చుట్టి తెచ్చి, మీ చేతే అంటు కట్టిస్తాను. కొత్త బ్లేడు, ప్లాస్టిక్ టేపు రెడీగా పెట్టండి. బ్లేడు పట్టుకునేది నేనే, చుట్టడం మీ వంతు.

ఇట్లు,
మీ తాతయ్య