లినక్స్‌లో ప్రాసెసర్ బెంచ్‌మార్కులు: అపోహలు – వాస్తవాలు

విజయనగరం కోటకు కూతవేటు దూరంలో మా షాపు. కాలేజీ ల్యాబులకు, ఆడిటర్ల ఆఫీసులకు, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకు సిస్టమ్స్ బిగించి, లినక్స్ వేసి ఇస్తాం. అప్పజెప్పే ముందు ప్రతి సిస్టమ్‌నూ బెంచ్‌మార్కులతో, అంటే వేగం కొలిచే ప్రోగ్రాములతో, పరీక్షించి ఫలితాల కాగితం చేతికిస్తాం. ఆ కాగితంలో స్కోరు కన్నా దాని పైన రాసిన నాలుగు ముక్కలు ముందు చదవమంటాను: కెర్నల్ (లినక్స్‌కు గుండెకాయ) ఏది, కంపైలర్ (ప్రోగ్రాములను యంత్రభాషలోకి మార్చేది) ఏది, పవర్ లిమిట్ (ప్రాసెసర్ లాగగల వాట్ల పరిమితి) ఎంత, గదిలో వేడి ఎంత. పేరూ తేదీ లేని రక్తపరీక్ష రిపోర్టు చూసి ఏ డాక్టరూ మందు రాయడు కదా. ఇదీ అంతే.

అపోహ: ఖరీదైన చిప్‌సెట్ బోర్డు వేస్తే ప్రాసెసర్ వేగం పెరుగుతుంది

నేను అన్నిటికన్నా ఎక్కువగా వినే మాట ఇదే. చిప్‌సెట్ అంటే మదర్‌బోర్డు మీద మిగతా పరికరాలను ప్రాసెసర్‌కు కలిపే చిప్పు. శ్రీకాకుళం నుంచి అన్నదమ్ములిద్దరు రెండు సిస్టమ్స్ తెచ్చారు. రెండిట్లోనూ కోర్ ఐ7-12700 ప్రాసెసరే. ఒకదానికి హెచ్610 బోర్డు, రెండోదానికి బి660. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో ఒకే సీను రెండర్ చేస్తే హెచ్610 సిస్టమ్ బాగా వెనకబడిపోతోంది. "ఏటండీ, తక్కువరకం చిప్‌సెట్టు కొనేసి డబ్బులు పాడు సేసుకున్నామా?" అని తమ్ముడు దిగులుపడిపోయాడు.

రెండు సిస్టమ్స్‌నూ పక్కపక్కన పెట్టి, రెండిటిలోనూ వాట్లు, క్లాకు చూపించే టర్బోస్టాట్ తెరిచి రెండర్ మొదలుపెట్టాం. మొదట్లో రెండూ నూరు వాట్లు దాటి ఒకేలా పరుగెత్తాయి. కాసేపటికి హెచ్610 మీద వాట్ల అంకె జారడం మొదలెట్టి 65 దగ్గర నిలబడిపోయింది. దాంతోపాటే క్లాకూ (ప్రాసెసర్ నడిచే గిగాహెర్ట్జ్ వేగం) దిగింది. బి660 మాత్రం తగ్గలేదు. ఈ ప్రాసెసర్‌కు ఇంటెల్ చెప్పిన లెక్క నిలకడగా 65 వాట్లు, టర్బోలో (కాసేపు ఎక్కువ వేగంతో పరుగెత్తేటప్పుడు) 180 వాట్లు. ఆ టర్బోను ఎంతసేపు ఉండనివ్వాలనేది మాత్రం బోర్డు తయారుచేసినవాళ్లు బయోస్‌లో పెట్టే సెట్టింగు. ఆ బి660 బోర్డులో నిలకడ పరిమితి 4095 వాట్లని ఉంది. అంటే పరిమితి ఎత్తేసినట్టే. దానికీ 65 పెట్టి మళ్లీ నడిపితే, రెండిటి మధ్యా చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. ప్రాసెసర్‌ను నెమ్మది చేసింది చిప్‌సెట్ కాదు, కరెంటు పరిమితి.

"అయితే దీనికీ 4095 పెట్టేయండి" అన్నాడు అన్న. వద్దన్నాను. ఆ హెచ్610 బోర్డులో ప్రాసెసర్‌కు కరెంటు అందించే భాగాల మీద హీట్‌సింక్ కూడా లేదు. గంటల తరబడి రెండర్ నడిపితే అవే ముందు మలమల మాడతాయి. కూలర్ మార్చి, పరిమితి కొంచెం మాత్రమే పెంచి పంపాను.

నిజానికి ఈ నమ్మకం గాలిలోంచి పుట్టింది కాదు. ఒకప్పుడు ర్యామ్‌ను నడిపే మెమరీ కంట్రోలర్ చిప్‌సెట్‌లోని నార్త్‌బ్రిడ్జ్‌లో ఉండేది. అప్పట్లో చిప్‌సెట్ మారితే స్కోరూ మారేది. 2003లో ఏఎండీ ఆప్టెరాన్, అథ్లాన్ 64 లతో దాన్ని ప్రాసెసర్‌లోకే తెచ్చింది. ఇంటెల్ 2008లో నెహాలెమ్‌తో ఆ దారి పట్టింది. ఇప్పుడు చిప్‌సెట్ చూసుకునేది యూఎస్‌బీ, శాటా, అదనపు ఎం.2 స్లాట్లు. మీరు నాలుగైదు ఎస్‌ఎస్‌డీలు తగిలించి ఒకేసారి కాపీలు నడిపేవాళ్లయితే చిప్‌సెట్ గురించి తప్పకుండా ఆలోచించండి. ఎందుకంటే దానికింద ఉన్నవన్నీ ప్రాసెసర్‌కు వెళ్లే ఒకే లింకును పంచుకుంటాయి.

అపోహ: 16 జీబీ అంటే 16 జీబీయే, ఒక స్టిక్ అయితేనేం రెండయితేనేం

ఒక్క స్టిక్ వేస్తే ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య ఒక్క దారే (చానల్) నడుస్తుంది, రెండు వేస్తే రెండూ నడుస్తాయి. డీడీఆర్4-3200 ర్యామ్‌తో ఒక్క చానల్‌లో సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ డేటా వెళ్తుంది, రెండు చానళ్లలో 51.2 జీబీ. ప్రైమ్ సంఖ్యలు లెక్కపెట్టే సిస్‌బెంచ్ సీపీయూ పరీక్షలో ఈ తేడా కనబడదు, దాని పని ప్రాసెసర్ లోపలి చిన్న మెమరీ అయిన క్యాష్‌లోనే అయిపోతుంది. 7-జిప్ కంప్రెషన్‌లో, ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ వాడే పనుల్లో మాత్రం కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ల్యాబుకు కొటేషన్ రాసేటప్పుడు ఒక 16 బదులు రెండు 8లు అని రాయించండి.

అపోహ: ఒకసారి నడిపితే చాలు

మే నెలలో మన దగ్గర పొద్దున్న ఏడింటికి నడిపిన పరీక్ష వేరు, మధ్యాహ్నం రెండింటికి ఏసీ లేని గదిలో నడిపింది వేరు. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు చాలావరకు 100 డిగ్రీల దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. బల్ల కింద చెక్క అరలో మూసేసిన సీపీయూ అక్కడికి త్వరగానే చేరుతుంది. అందుకే నేను కెర్నల్ కంపైల్‌ను వరసగా ఐదుసార్లు నడుపుతాను. ఐదో సమయం మొదటిదానికన్నా బాగా పెరిగిందంటే అది ప్రాసెసర్ తప్పు కాదు. థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది, లేదా ఫ్యాన్‌కు దుమ్ము పట్టి ఉంటుంది.

ఫొరోనిక్స్ టెస్ట్ సూట్ నాకు నచ్చడానికి ఇదే కారణం. 2008లో మొదటి వెర్షన్ వచ్చిన ఈ ఓపెన్ సోర్స్ సాధనం చాలా పరీక్షలను మూడేసి సార్లు నడుపుతుంది. ఫలితాలు ఒకదానికొకటి పొసగకపోతే తనే ఇంకొన్నిసార్లు నడుపుతుంది. కెర్నల్, కంపైలర్, గవర్నర్ (క్లాకు ఎప్పుడు పెంచాలో తగ్గించాలో చెప్పే సెట్టింగు) వివరాలు కూడా ఫలితంతోపాటే రాసిపెడుతుంది.

అపోహ: గవర్నర్ పవర్‌సేవ్‌లో ఉంటే ప్రాసెసర్ పడుకున్నట్టే

పేరు ఒకటే అయినా, కెర్నల్‌లో క్లాకును మార్చే డ్రైవర్‌ను బట్టి అర్థం మారుతుంది. పాత ఏసీపీఐ డ్రైవర్‌లో పవర్‌సేవ్ అంటే నిజంగానే అతి తక్కువ క్లాకు దగ్గర కట్టేయడం. ఇంటెల్ పీ-స్టేట్ డ్రైవర్ యాక్టివ్ మోడ్‌లో ఉంటే అదే పవర్‌సేవ్ పనిని బట్టి క్లాకును పెంచుతుంది, తగ్గిస్తుంది. ముందు ఏ డ్రైవర్ నడుస్తోందో చూసి, తర్వాతే గవర్నర్ సంగతి మాట్లాడాలి. రెండు సిస్టమ్స్‌ను పోల్చేటప్పుడు నేనైతే రెండిటికీ పర్‌ఫార్మెన్స్ గవర్నర్ పెట్టేస్తాను.

అపోహ: బోగోమిప్స్ ఎక్కువుంటే మంచి ప్రాసెసర్

ఒక డిప్లొమా కుర్రాడు నోటుబుక్కులో రాసుకొచ్చి మరీ అడిగాడు. బోగోమిప్స్ అనేది ఆలస్యాలు లెక్కపెట్టుకోవడానికి కెర్నల్ తన కోసం వేసుకునే అంకె. ఇప్పటి ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో అది దాదాపుగా బేస్ క్లాకుకు రెట్టింపు, అంతే. 2.5 గిగాహెర్ట్జ్ అయితే సుమారు 5000 చూపిస్తుంది. గిగాహెర్ట్జ్ ఒక్కదాన్నే నమ్మలేమని 2006లోనే తేలిపోయింది. 3 గిగాహెర్ట్జ్ దాటిన పెంటియమ్ డీలను 2 గిగాహెర్ట్జ్ కూడా లేని కోర్ 2 డ్యుయోలు చాలా పనుల్లో దాటేశాయి.

అపోహ: యూనిక్స్‌బెంచ్ స్కోరు ప్రాసెసర్ స్కోరే

యూనిక్స్‌బెంచ్ అనే పరీక్షల కట్టలో చాలా పరీక్షలు సిస్టమ్ కాల్స్ (ప్రోగ్రాములు కెర్నల్‌ను అడిగి చేయించుకునే పనులు), కొత్త ప్రాసెస్‌లు పుట్టించడం, ఫైల్ కాపీలు. అవి కెర్నల్‌ను, లైబ్రరీలను, కంపైలర్‌ను కూడా కొలుస్తాయి. అదే ప్రాసెసర్ మీద ఉబుంటు వెర్షన్ మార్చినా స్కోరు మారుతుంది. స్పార్క్‌స్టేషన్ 20-61 అనే పాత సన్ కంపెనీ యంత్రానికి 10 మార్కులు వేసి, మిగతావాటిని దానితో పోల్చడం ఈ పరీక్ష పద్ధతి.

అపోహ: మిటిగేషన్లు ఆఫ్ చేస్తే ఖర్చులేకుండా వేగం

2018 జనవరిలో ప్రాసెసర్లలోని మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే భద్రతా లోపాలు బయటపడ్డాక కెర్నల్‌లోకి వచ్చిన రక్షణలివి. పాత ప్రాసెసర్లలో, సిస్టమ్ కాల్స్ ఎక్కువగా ఉండే పనుల్లో వీటివల్ల వేగం తగ్గిన మాట నిజం. కొత్తవాటిలో మెల్ట్‌డౌన్‌కు హార్డ్‌వేర్‌లోనే మందు వేశారు కాబట్టి, ఆఫ్ చేసినా చాలా పనుల్లో మిగిలేది స్వల్పమే. ల్యాబులో పిల్లలు రోజంతా బ్రౌజర్ తెరిచి కూర్చునే సిస్టమ్స్‌లో ఆ రక్షణ తీసేయమని ఎవరడిగినా నేను తీయను. స్కోరు కాగితం మీద కూడా మిటిగేషన్లు ఆన్ అనే రాసి ఇస్తాను.