గిండీ గుర్రాల గురించి మా చిత్తూరులో అనుకునేవి

పదహారేళ్లు చెన్నై గిండీ రేస్‌కోర్సు లాయాల్లో లాడాలు కొట్టి, చిత్తూరుకు తిరిగొచ్చేశాను. ఇప్పుడు పెళ్లి గుర్రాలకు కొడుతున్నా. టీ కొట్టు దగ్గర కూర్చుంటే చాలు, ఇవే ప్రశ్నలు.

అపోహ: మేకు కొడితే గుర్రానికి నరకమే.

వాస్తవం: గిట్ట బయటి పొర మన గోరులాంటిదే, అందులో నరాలుండవు. కాలు మడిచి చూస్తే అడుగున అంచు వెంబడి లేత రంగు గీత కనిపిస్తుంది. మేకు దానికి బయటే ఉండాలి. సరిగ్గా దిగుతుంటే సుత్తి దెబ్బ ఖంగుమంటుంది, లోపలికి పోతుంటే మొద్దుగా వినిపిస్తుంది. పని నేర్చుకునే రోజుల్లో ఒకసారి ఆ తేడా పట్టుకోలేకపోయాను. మర్నాటికి గుర్రం కుంటింది, శనివారం రేసు పోయింది. మేస్త్రీ తిట్టలేదు. నెలరోజులు సుత్తి మాత్రం చేతికివ్వలేదు! గిట్ట నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి నాలుగైదు వారాలకోసారి లాడం విప్పి, చెక్కి, మళ్లీ కొట్టాల్సిందే. ప్రాక్టీసుకు ఇనుపది, రేసుకు తేలికైన అల్యూమినియంది.

అపోహ: రేసంటే లాటరీయే.

వాస్తవం: గుర్రప్పందెం నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది, అదీ ఈ గిండీ పందేల మీద నడిచిన కేసులోనే. హ్యాండిక్యాప్ రేసుల్లో బాగా పరుగెత్తే గుర్రానికి ఎక్కువ బరువు మోయిస్తారు. పందెం కాసేవాడు ఆ బరువు కూడా లెక్కేయాలి, తలనొప్పి పనే. అయినా ఈ తీర్పు సంగతి మా బావమరిదికి చెప్పను, జీతం మొత్తం పట్టుకెళ్లి పెట్టేస్తాడు.

అపోహ: గిండీని దొరలు కట్టారు, దొరలతోనే పోయింది.

వాస్తవం: అక్కడ పందేలు 1777లో మొదలయ్యాయి, వాటిని నడిపే మద్రాస్ రేస్ క్లబ్ 1896లో వచ్చింది. దొరలు పోయాక కూడా చాలా ఏళ్లు నడిచింది. 1974లో తమిళనాడు ప్రభుత్వం పందేల నిషేధ చట్టం తెచ్చినా క్లబ్బు కోర్టుల దాకా వెళ్లి నిలబడింది. 2024 సెప్టెంబరులో మాత్రం 160 ఎకరాల లీజు రద్దు చేసి గేట్లకు సీలు వేశారు.

పందెం కాయకపోతే అక్కడ చూడ్డానికేముండేది అంటారు. ఆ రోజుల్లో తెల్లవారుజామున ప్రాక్టీసుకు వెళ్లి కంచె పక్కన నిలబడాల్సింది. గుర్రం కనబడకముందే పాదాల కింద నేల అదిరేది. తర్వాత ఊపిరి బుసలు వినిపించేవి. నా చెవి మాత్రం గిట్టల మీదే ఉండేది, ఎక్కడ లాడం వదులైందోనని.