మిక్స్ బస్ కంప్రెషన్: మొదట్లోనా, చివర్లోనా అన్న వాదం వెనుక కథ

మిక్స్ బస్ (పాటలోని ట్రాకులన్నీ కలిసే దారి) మీద కంప్రెసర్‌ను (బిగ్గర శబ్దాలను తగ్గించి హెచ్చుతగ్గులను అదుపు చేసే సాధనాన్ని) పని మొదలుపెట్టేటప్పుడే ఉంచాలా, పాట అంతా కుదిరాక చివర్లో వేయాలా అన్న పాత వాదం చుట్టూ ధ్వని వినిపించే విధానమైన డాల్బీ అట్మాస్ రాకతో మళ్లీ రాజుకుంది. 2021 జూన్‌లో ఆపిల్ మ్యూజిక్ అట్మాస్ పాటలను అందించడం మొదలుపెట్టాక, స్టీరియోలో అలవాటైన ధ్వనిని అందులోనూ రాబట్టాలనుకున్న ఇంజనీర్లకు అడ్డంకి ఎదురైంది. అట్మాస్‌లో అనేక వాద్యాలు, గొంతులు విడివిడి ఆబ్జెక్టులుగా (స్థానం వివరంతో కూడిన వేర్వేరు ధ్వనులుగా) ప్రయాణించి, వినేవారి స్పీకర్ల అమరికను బట్టి అప్పటికప్పుడు కలుస్తాయి కాబట్టి, కంప్రెసర్‌ను తగిలించడానికి అన్నీ కలిసే స్టీరియో బస్ అక్కడ ఉండదు.

ఈ వాదానికి అసలు మూలం 1970ల చివర్లో ఉంది. అంతవరకు మొత్తం మిక్స్‌ను అదుపు చేయడం ప్రధానంగా గ్రామఫోన్ రికార్డుల మీద పాటను చెక్కే గదిలోని ఇంజనీరు బాధ్యతగా ఉండేది. మిక్స్ చేసేవారు వేరే యూనిట్ తెచ్చి తగిలించుకుంటే తప్ప ఆ నిర్ణయం సాధారణంగా వారి చేతిలోకి వచ్చేది కాదు. కాలిన్ శాండర్స్ స్థాపించిన బ్రిటిష్ సంస్థ సాలిడ్ స్టేట్ లాజిక్ తన 4000 శ్రేణి కన్సోళ్ల (మిక్సింగ్ బల్లల) మధ్యభాగంలోనే స్టీరియో కంప్రెసర్‌ను అమర్చింది. 2:1, 4:1, 10:1 అనే మూడు నిష్పత్తులు (హద్దు దాటిన శబ్దాన్ని ఎంత తగ్గించాలో చెప్పేవి), కొద్దిపాటి నాబ్‌లు, ఒక ముల్లు మీటరు, అంతే. కానీ దానితో నిర్ణయం చేతులు మారింది, నిర్ణయం తీసుకునే సమయమూ మారింది. కంప్రెసర్ పనిచేస్తుండగానే ఫేడర్లు (ఒక్కో ట్రాకు బిగ్గరతనాన్ని మార్చే మీటలు) సర్దుకునే పద్ధతి అలా స్థిరపడింది.

ఆ పద్ధతికి గట్టి కారణమే ఉంది. బస్ మీద కంప్రెసర్ ఉన్నప్పుడు ఏ ఫేడరూ స్వతంత్రం కాదు. కిక్‌ను (లోతుగా మోగే పెద్ద డ్రమ్మును) పెంచితే ఆ దెబ్బ పడినప్పుడల్లా మొత్తం మిక్స్ తగ్గి, దానితోపాటు గొంతూ వెనక్కి వెళుతుంది. కనుక కంప్రెసర్ లేకుండా గంటల తరబడి కుదిర్చిన సమతూకాన్ని చివర్లో వేసిన కంప్రెసర్ చెదరగొడుతుంది. 4:1 నిష్పత్తి, డ్రమ్ముల తొలి దెబ్బ తప్పించుకుపోయేలా 10 లేదా 30 మిల్లీసెకన్ల అటాక్ (కంప్రెసర్ స్పందించడానికి తీసుకునే సమయం), ముల్లు 2 నుంచి 4 డెసిబెళ్లు మాత్రమే కదిలేంత త్రెషోల్డ్ (కంప్రెసర్ పని మొదలుపెట్టే శబ్దస్థాయి): చాలామంది మొదట్లోనే పెట్టుకునే అమరిక ఇది.

విడుదలకు ముందు పాటకు తుది మెరుగులు దిద్దే మాస్టరింగ్ ఇంజనీర్ల అభ్యంతరం వేరు: ఒకసారి అణగిపోయిన మిక్స్‌ను తర్వాత విప్పలేమని, ట్రాకులు చేరేకొద్దీ కంప్రెషన్ తెలియకుండానే పెరిగిపోతుందని వారంటారు. రెండోది నిజమే, మధ్యమధ్య మీటరు చూసుకోవాల్సిందే. అయితే పాటలు నలిగిపోయిన నిందను బస్ కంప్రెసర్ మీద వేయడం సరికాదు. ఆ పని ఎక్కువగా 1994లో వచ్చిన వేవ్స్ ఎల్1 వంటి డిజిటల్ లిమిటర్లది (శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపే సాధనాలది). స్పాటిఫై వంటి వేదికలు శబ్దస్థాయిని -14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తోచే బిగ్గరతనానికి కొలమానం) దగ్గరకు సర్దుతున్నందున, బిగ్గరతనం కోసం చివర్లో కంప్రెసర్ వేసే అవసరమూ తగ్గింది.

2013లో సంగీత సాఫ్ట్‌వేర్ ఏబుల్‌టన్ లైవ్ 9తో పాటే, ఆ కన్సోల్ కంప్రెసర్‌ను అనుకరించే గ్లూ కంప్రెసర్ రావడంతో కన్సోల్ ముఖం చూడనివారికీ ఈ సాధనం అందింది, కానీ వాడే క్రమం అందలేదు. డప్పు, బేస్ నిండిన మన జానపద బీట్ల మీద దీన్ని చివర్లో వేస్తే దెబ్బదెబ్బకూ గొంతు ఊగుతుంది. ఆనాటి కన్సోళ్లలో లేని సైడ్‌చెయిన్ హైపాస్ ఫిల్టర్ (ఎంత తగ్గించాలో కంప్రెసర్‌కు చెప్పే సంకేతం లోంచి లోతైన శబ్దాలను తీసేసే వడపోత) దానికి కొంత విరుగుడు.

అట్మాస్‌కు వస్తే, మొదటి నుంచీ కంప్రెసర్‌తో స్టీరియో మిక్స్ చేసినవారు స్టెమ్‌లను (డ్రమ్ములు, గొంతు వంటి ఒక్కో భాగపు ఫైళ్లను) విడివిడిగా ఎగుమతి చేసేటప్పుడు, ప్రతి స్టెమ్ మీదా అదే కంప్రెసర్‌ను ఉంచి, దాని సైడ్‌చెయిన్‌కు పూర్తి మిక్స్‌ను ఇస్తున్నారు. అప్పుడు కిక్ పడిన చోట గొంతు స్టెమ్ కూడా స్టీరియోలో తగ్గినంతే తగ్గుతుంది.