ఊరు ఎక్కడ కట్టాలి? ఆట మొదలవకముందే మొదలయ్యే గొడవ

ఊళ్లు కట్టే గేములు ఆడే విశాఖ కుర్రాళ్లలో రెండు పార్టీలున్నాయి. ఆట ఇచ్చిన చోటే సర్దుకోవాలనేది ఒకటి. మంచి చోటు పడేదాకా రీస్టార్ట్ కొట్టాల్సిందే అనేది రెండోది. ఈ తగువు మొదటి నుంచీ ఉన్నది కాదు.

1989లో వచ్చిన సిమ్‌సిటీలో చోటు గురించి అంత టెన్షన్ లేదు. రోడ్డేసి కరెంటిస్తే ఊరు లేచేది, నీళ్ల పైపుల ఊసే లేదు. 1991లో సివిలైజేషన్ వచ్చాక కథ మారింది. చుట్టూ ఇంకా తెరుచుకోని మ్యాప్ చీకటి, చేతిలో ఊరు స్థాపించే సెట్లర్లు. ఇంకాస్త ముందుకెళ్లి చూద్దామంటే మొదట్లో ఒక్కో టర్న్‌కీ, అంటే మన ఒక్కో వంతుకీ, 20 ఏళ్లు కరిగిపోయేవి. రీస్టార్ట్ పిచ్చి అక్కడే ముదిరిందని నా అనుమానం.

చోటును ఆటగాడి చేతికే వదిలేసి ఏడిపించింది మాత్రం మరుగుజ్జులతో కోట కట్టించే డ్వార్ఫ్ ఫోర్ట్రెస్. 2006 నాటి తొలి వెర్షన్‌లో ఎక్కడ దిగినా కొండ తొలుచుకుంటూ పోతే ముందు నది, తర్వాత అగాధం, ఆపైన లావా, అదే వరస. 2007 చివర్లో కిందికి అంతస్తులుగా తవ్వుకునే లోతు అనేది వచ్చాక ఆ భరోసా పోయింది. పైన పచ్చటి అడవి, పక్కనే ఏరు చూసి మురిసిపోయి దిగుతాం. రెండు మెట్లు తవ్వగానే తడి మట్టి, మూడో మెట్టుకి గొయ్యి నిండా నీళ్లు. కింద ఊట పొర ఉందన్నమాట. దాన్ని దాటి రాయిదాకా వెళ్లడానికి పంపులు పెట్టి నానా తంటాలు పడాలి. వేరే గ్రహం మీద కాలనీ కట్టే రిమ్‌వరల్డ్ కొంచెం దయగలది. 60 రోజుల ఏడాదిలో పంట ఎన్ని రోజులు పండుతుందో దిగకముందే చెప్పేస్తుంది.

మనవాళ్లు బోల్తా పడేది సివిలైజేషన్ 6లో. 2016లో వచ్చిన ఈ ఆటలో సముద్రం కనిపిస్తే చాలు, అక్కడే పాతుకుపోతారు. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున హార్బర్ చూసి పెరిగిన కళ్లు కదా! కానీ మంచినీళ్లున్న చోట ఊరికి 5 హౌసింగ్ (ఎంత జనం పడతారనే లెక్క), ఉప్పునీటి ఒడ్డున 3 మాత్రమే. జనం త్వరగా ఆగిపోతారు.

అసలు విశాఖకే ఈ ఇబ్బంది ఉంది. ఏలేరు నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా కాలువలో రావాలి. ఆటలో అంత దూరం లాగనివ్వరు, నీళ్లు తెచ్చే అక్విడక్ట్ నడి ఊరిని ఆనుకునే కట్టాలి. రీస్టార్ట్ అక్కర్లేదు గానీ, ఒక టర్న్ పోయినా నది ఒడ్డుకు జరగడమే నయం.