అంకణం లెక్క తరగతికి ఎందుకు చేరలేదు

తిరుపతి చుట్టుపక్కల ఇంటి స్థలం బేరం అంకణాల్లో సాగుతుంది. అంకణమంటే కొన్నిచోట్ల 36 చదరపు అడుగులు, మరికొన్నిచోట్ల 72. సెంటు 435.6 చదరపు అడుగులు కాబట్టి మొదటి లెక్కన అది 12.1 అంకణాలు, రెండో లెక్కన 6.05. ఏడో తరగతి పిల్లలు తేల్చగలిగిన తేడా ఇది. అయినా తరగతిలో వినబడేది అరుదు.

ఊరి అవసరాల్లోంచి లెక్కలు నేర్పాలన్న ఆలోచన పాతదే. 1937 అక్టోబరులో గాంధీజీ అధ్యక్షతన చదువుపై జరిగిన వార్ధా సదస్సు, ఆ తర్వాత జాకిర్ హుస్సేన్ కమిటీ చదువును చేతిపనితో ముడిపెట్టాయి. వడికిన నూలు, పట్టిన సమయం, అయిన ఖర్చు పిల్లల లెక్కలు కావాలన్నది ఉద్దేశం. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి, మరుసటి ఏడు నుంచి మెట్రిక్ తూనికలు మొదలయ్యాయి. బడిలో లీటర్లు, ఇంట్లో మానికలు చాలాకాలం పక్కపక్కనే నడిచాయి. అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లె దగ్గర రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం ఊళ్లలో మెట్రిక్ మేళాలు పెట్టింది ఈ ఎడం తగ్గించడానికే అనిపిస్తుంది.

1980లలో మొదలైన ఏపీపెప్ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం) స్థానిక పరిసరాలను వాడుకోవడాన్ని తన సూత్రాల్లో చేర్చింది. కానీ అది ప్రాథమిక తరగతుల పథకం. శాతాలు, అనుపాతం, వైశాల్యం వచ్చేది ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో, ఊరి సమస్యలకు సరిగ్గా పనికొచ్చేవీ అవే. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, 2011 రాష్ట్ర చట్రం చదువును బడి బయటి జీవితంతో కలపమన్నాయి. పిల్లల పనిని ఏడాది పొడవునా అంచనా వేసే నిరంతర సమగ్ర మూల్యాంకనంతో ప్రాజెక్టు పనికీ మార్కులొచ్చాయి. మార్కు వేసేది చివరి జవాబుకైతే పిల్లలు కొలవరు, పక్కవాడి అంకెలు ఎక్కించుకుంటారు. మా దృష్టిలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. తేదీ, సమయం రాసిన కొలతల చిత్తు కాగితానికే సగం మార్కులు వేయాలి.

బడిలో కారే కుళాయినే తీసుకోండి. 250 మిల్లీలీటర్ల గ్లాసు పది నిమిషాల్లో నిండితే గంటకు 1.5 లీటర్లు, రోజుకు 36 లీటర్లు. ఒక్కసారి కొలిచి వదిలేస్తే లెక్క తప్పుతుంది. పొద్దున ట్యాంకు నిండుగా ఉంటే ధార ఎక్కువ, మధ్యాహ్న భోజనాల తర్వాత మట్టం దిగితే తక్కువ. మూడు వేళల్లో కొలిస్తే సగటు ఎందుకు కావాలో పిల్లలకే తెలుస్తుంది.

కప్పు మీద పడే వాన నీటి లెక్కలో రెండు తప్పులు తరచూ దొర్లుతాయి. ఏటవాలు రేకుల పొడవు కొలవకూడదు, కప్పు కింద నేల మీద పరుచుకున్న వైశాల్యమే తీసుకోవాలి. అది 10 మీటర్లు × 6 మీటర్లయితే 20 మిల్లీమీటర్ల వానకు 60 × 0.02, అంటే 1.2 ఘనపు మీటర్లు, 1,200 లీటర్లు. చిందేది, ఆవిరయ్యేది అయిదో వంతు తీసేస్తే దక్కేది 960. రెండో తప్పు 0.02 బదులు 0.2 రాయడం. అప్పుడు 12,000 వస్తుంది. తప్పని చెప్పేయకుండా, ఒక్క వానకు వెయ్యి లీటర్ల ట్యాంకులు పన్నెండు నిండుతాయా అని అడగాలి.