చెరువు ఎండితే జీవాలన్నీ పోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

పక్షులు, చెట్లు, పురుగులు ఏ చోట ఎన్ని రకాలున్నాయో లెక్క రాయడం నా పని. పులికాట్ సరస్సు ఉప్పునీళ్ల దగ్గర్నుంచి కనిగిరి ముళ్లపొదల దాకా ఈ పని మీదే తిరుగుతుంటాను. ఎక్కడ టీ తాగడానికి ఆగినా వినపడే మాటలు దాదాపు ఒకటే. వాటిలో కొన్ని ఇవి.

అపోహ: పులికాట్, నేలపట్టు పక్షులన్నీ సైబీరియా నుంచి వచ్చేవే. అన్ని వేల పక్షులున్నాయంటే జీవవైవిధ్యం ఎక్కువున్నట్టే.

వాస్తవం: సైబీరియాలో ఫ్లెమింగోలు గుడ్లు పెట్టవు. మన దేశంలో వాటి పెద్ద స్థావరం గుజరాత్‌లోని కచ్ రణ్. నేలపట్టు చెరువులో కడప అనే జాతి చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులైతే (పెలికాన్లు) అచ్చంగా మన దేశపు పక్షులే. ఉత్తరాది మంచుదేశాల నుంచి వచ్చేవి సూదితోక బాతులు, బురదలో పొడుచుకు తినే చిన్న ఉల్లంకులు. వాటిని ఎవరూ ఫొటో తీయరు.

ఇక రెండో మాట, పక్షులు వేలల్లో ఉంటే జీవవైవిధ్యం ఎక్కువన్నది. సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. ఎండాకాలంలో పులికాట్ లోతులేని చోట్ల నీరు ఆవిరై ఉప్పు అంతకు మించిపోతుంది. ఈశాన్య రుతుపవనాల వానలకు కాళంగి, స్వర్ణముఖి పొంగి వచ్చాయంటే అదే నీరు పలచబడుతుంది. మంచినీటి జీవాలు ఆ ఉప్పుకు తట్టుకోలేవు, సముద్రపు జీవాలు ఈ పలచదనానికి తట్టుకోలేవు. రెంటికీ ఓర్చుకునే కొద్ది రకాలే మిగులుతాయి. పోటీ తక్కువ కాబట్టి ఆ కొద్ది రకాలే లెక్కలేనంతగా పెరుగుతాయి. ఫ్లెమింగోకు కావలసిందీ అదే. తల కిందులు చేసి ముక్కు నీళ్లలో పెట్టి, నాలుకతో నీటిని లోపలికీ బయటికీ తోస్తూ, ముక్కు అంచుల్లోని జల్లెడలాంటి పళ్లతో సన్న రొయ్యలను, నాచును వడగట్టుకుని తింటుంది. తలల లెక్క చూస్తే అక్కడ సంబరమే. రకాల లెక్క చూస్తే మాత్రం ఊరి మంచినీటి చెరువు దాన్ని మించిపోవచ్చు.

అపోహ: చెరువు ఎండితే అందులో జీవాలన్నీ పోయినట్టే.

వాస్తవం: "ఏంది సార్, నీళ్లే లేవు గదా, ఇంకేం చూస్తారు?" అని మే నెలలో అడిగేవాళ్లు ఎక్కువ. చూడాల్సింది ఎక్కువుండేది అప్పుడే. పగుళ్లిచ్చిన బంకమట్టి పెళ్ల ఒకటి లేపి చూడండి. అడుగున నత్తగుల్ల మూత బిగించుకుని కదలకుండా ఉంటుంది. ఇంకా లోతున బావురుకప్ప. మట్టిలో కలిసిపోయిన సన్న రొయ్యజాతుల గుడ్లు తడి లేకుండా ఏళ్ల తరబడి ఉండగలవు. మంచి వాన పడి నీళ్లు నిలిస్తే అన్నీ లేస్తాయి. మగ బావురుకప్పలు పచ్చటి పసుపు రంగు తిరిగి రాత్రంతా అరుస్తాయి.

చెరువు ఎండడం వల్ల పెద్ద చేపలు బతకవు. తోకకప్పలను మింగేవి ఆ చేపలే. ఏడాది పొడవునా నీళ్లుంచి చేపపిల్లలు వదిలిన చెరువులో కప్పల రకాలు తగ్గేది ఇందుకే.

నీళ్లు దిగే తీరు కూడా ముఖ్యం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నిండిన చెరువు నిండుగా ఉన్నప్పుడు గూడబాతులకు, నీటికాకులకు పనికొస్తుంది. మోకాలి లోతుకు దిగాక ఎర్రకాళ్ల కొంగలు దిగుతాయి. నత్తగుల్ల కొంగలకు వంతు ఆ తర్వాత. చివరికి బురదే మిగిలితే ఉల్లంకులు. ఒకే చెరువు ఇన్ని జాతులను మేపగలిగేది నీటిమట్టం కదులుతున్నందుకే. పూడిక తీసేవాళ్లు గట్టు పొడవునా నిటారుగా తవ్వేసి లోతు పెంచితే ఈ వంతులన్నీ పోయి, ఈదే పక్షులు మాత్రమే మిగులుతాయి. ఒక వైపైనా ఏటవాలుగా వదలమని నేను ప్రతి చోటా బతిమాలుతుంటాను.

అపోహ: ముళ్లకంప నేల ఉత్త బంజరు. చెట్లు నాటి పచ్చగా చేస్తే జీవాలొస్తాయి.

వాస్తవం: కలివికోడి అనే పక్షి సంగతి చూడండి. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన జెర్డన్ ద్వారా 1848లో ఈ పక్షి శాస్త్రలోకానికి తెలిసింది. 1900 తర్వాత ఎవరికీ కనపడక అంతరించిందనుకున్నారు. 1986లో కడప వైపు లంకమల పొదల్లో మళ్లీ దొరికింది. రాత్రిపూట నేల మీద పరుగెత్తుతూ పురుగులు ఏరుకుంటుంది. పొదలు మరీ దట్టమైతే పరుగెత్తే జాగా లేదు, కొట్టేస్తే దాక్కునే చాటు లేదు. మనిషి ఎత్తు దాటిన పొదలు హెక్టారుకు సుమారు 300 నుంచి 700 ఉన్న చోట దాని అడుగుల గుర్తులు ఎక్కువగా దొరికాయి. అంటే కొంచెం పశువులు మేయడం, కొంచెం కంప కొట్టడం దానికి మేలే. అదే అతి అయితే చేటు. అలాంటి నేలలో గుంటలు తీసి వరసగా మొక్కలు నాటడమంటే ఆ ఖాళీలను పూడ్చేయడమే. 19వ శతాబ్దంలో వంటచెరకు కోసం తెచ్చిన సర్కారు తుమ్మ ఆ పని ఇప్పటికే చాలా చోట్ల చేసింది. దూరం నుంచి పచ్చగానే ఉంటుంది. లోపలికి దూరి చూస్తే దాని కింద గడ్డి కూడా సరిగా మొలవదు.

అపోహ: వానలు ఎక్కువ పడితేనే అరుదైన జాతులుంటాయి.

వాస్తవం: ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తంలో తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. రాపూరు, ఉదయగిరి వైపు వెలిగొండల్లో రాళ్లూరప్పల నేలే దానికి ఇష్టం. నీళ్లు నిలిస్తే బతకదు, నీడ పడితే ఎదగదు. వాన బాగా పడే చోట వేగంగా పెరిగే చెట్లు దాన్ని నీడలోకి తోసేస్తాయి.

అపోహ: పుట్ట పాములది.

వాస్తవం: పుట్ట కట్టేది చెదలు. అడుగు నుంచి బంకమట్టిని పైకి తెచ్చి పోస్తాయి కాబట్టి పుట్ట చుట్టూ మట్టి మారుతుంది, మొలిచే మొక్కలూ మారతాయి. ఆ చెదల కోసం అలుగు అనే పొలుసుల జంతువు, ఎలుగుబంటి వచ్చి తవ్వుతాయి. వదిలేసిన పుట్టలో ఉడుము దూరుతుంది, నాగుపాము దూరుతుంది. మెట్ట పొలం చదును చేసేటప్పుడు గట్టు మీది పుట్టను వదిలేస్తే చాలు. నాగుల చవితికి పూజ చేసుకోండి గానీ, పాలు మాత్రం గిన్నెలోనే ఉంచి ఇంటికి తెచ్చుకోండి. పాములు పాలు తాగవు, చెదలకూ అక్కర్లేదు.