మీ మేడమ్‌ది అసలు ఏ సబ్జెక్టు? ఫ్యాకల్టీ గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను ఇదివరకు పనిచేసిన ఒక ఇంజనీరింగ్ కాలేజీ వెబ్‌సైట్‌లో నా ఫొటో కింద ‘రీసెర్చ్ ఇంట్రెస్ట్స్: వీఎల్ఎస్ఐ డిజైన్, లో పవర్ సర్క్యూట్స్’ అని దాదాపు రెండేళ్ళు ఉంది. నేను చెప్పేది ఇంగ్లీషు. పట్టికలో నా పై వరసలో ఉన్న ఈసీఈ మేడమ్ వివరాలు, ఎవరో కాపీ చేసి అతికించేటప్పుడు ఒక గడి కిందకి జారాయి. మార్చమని మూడుసార్లు కాగితం పెట్టాను. ఈలోగా థర్డ్ ఇయర్ కుర్రాడొకడు ప్రాజెక్టుకి గైడ్‌గా ఉండమంటూ ఫైలు పట్టుకుని నా గదికి వచ్చేశాడు. “అయితే మీకు సర్క్యూట్లు రావా మేడమ్?” అన్నాడు. డబ్బు తీసుకుని సరుకివ్వని కొట్టువాణ్ణి చూసినట్టు చూశాడు నన్ను.

పదిహేడేళ్ళుగా విశాఖలో ఇంజనీరింగ్ పిల్లలకి టెక్నికల్ రైటింగ్ చెబుతున్నాను. డిగ్రీలో ఫిజిక్స్, పీజీలో ఇంగ్లీషు, పీహెచ్‌డీ భాషాశాస్త్రంలో. అడ్మిషన్ల రోజుల్లో గాజువాక నుంచీ అనకాపల్లి నుంచీ వచ్చే తల్లిదండ్రులూ, పీహెచ్‌డీకి గైడ్ కోసం తిరిగే పిల్లలూ అడిగేవి వింటుంటే కొన్ని అపోహలు పోయిన ఏడు విన్నవే మళ్ళీ వినబడతాయి.

అపోహ: ఏ డిగ్రీ చదివితే జీవితాంతం అదే ఫీల్డు.

“ఏటండి, ఫిజిక్స్ చదివీసి ఇంగ్లీషు చెప్తారా?” అని ఒక పెద్దాయన నన్ను నిలదీశారు. ఆయనకి మన ఊరి కథే చెప్పాను.

సి.ఆర్. రావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1940లో లెక్కల్లో ఎం.ఏ. చేశారు. తర్వాత కలకత్తా వెళ్ళి స్టాటిస్టిక్స్‌లో పడ్డారు. 1946లో ఆయన కేంబ్రిడ్జి వెళ్ళింది లెక్కల శాఖలో పనికి కాదు, అక్కడి పురావస్తు, మానవశాస్త్ర మ్యూజియంలో పనికి. సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో బయటపడ్డ అస్థిపంజరాల కొలతల్ని విశ్లేషించే పని. ఆ ఎముకల లెక్కలు చూసుకుంటూనే స్టాటిస్టిక్స్‌లో దిగ్గజమైన ఫిషర్ దగ్గర 1948లో పీహెచ్‌డీ తెచ్చుకున్నారు. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకున్నది ఆయనే. ఆ రోజుల్లో ఆయనకో ప్రొఫైల్ పేజీ ఉండుంటే ఏమని రాసేవారు? ఎముకలనా, అంకెలనా?

అదే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జియాలజీ శాఖకి పెద్దదిక్కుగా నిలిచిన సి. మహదేవన్ అంతకుముందు సి.వి. రామన్ దగ్గర పనిచేసినవారు. ఫిజిక్స్ ఆచార్యులు సూరి భగవంతం, గ్రూప్ థియరీ అనే నికార్సైన గణితాన్ని భౌతికశాస్త్ర సమస్యలకి అన్వయిస్తూ వేంకటరాయుడితో కలిసి రాసిన పుస్తకం 1948లో వాల్తేరు నుంచే వచ్చింది.

నాకు వీళ్ళందరికంటే ఇష్టమైన ఉదాహరణ భద్రిరాజు కృష్ణమూర్తిది. ఇక్కడే తెలుగు ఆనర్స్ చదివి, అమెరికాలో భాషాశాస్త్రంలో పీహెచ్‌డీ చేసి వచ్చిన మనిషి. ఆయన ఆధ్వర్యంలో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, 1962లో, వ్యవసాయ పదాలది. తర్వాత 1971లో చేనేత పదాలది. ఆ పని ఎలాంటిదో ఒక్కసారి ఊహించండి. రైతు దగ్గర కూర్చుని నాగలిలో ఒక్కో భాగం మీదా వేలుపెట్టి ‘దీన్నేమంటారు?’ అని అడగాలి. మేడి ఏదో, కర్రు ఏదో, కాడి ఎక్కడ తగులుతుందో తెలియకుండా మాట మాత్రం రాసుకొస్తే ఆ మాట దేనికి పనికొస్తుంది? వ్యవసాయం వైపు ఎంతోకొంత నడవకుండా ఆ భాషాశాస్త్రం సాగదు.

ఉద్యోగం దగ్గరికొస్తే మాత్రం డిగ్రీ పేరే చూస్తారు, అది వేరే సంగతి. యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) పరిధిలోని సబ్జెక్టులకి పీజీలో 55 శాతం, దానిపైన నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష లాంటిది కావాలి. ఇంజనీరింగ్‌కి బీటెక్, ఎంటెక్ ఉండి, రెంటిలో ఒకదాంట్లో ఫస్ట్ క్లాస్ ఉంటే చాలు, నెట్ అక్కర్లేదు. అందుకే మా స్టాఫ్‌రూమ్‌లో నెట్ కోసం కళ్ళు కాయలు కాసేలా చదివిన నేనూ, ఆ పరీక్ష మొహమే చూడని మెకానికల్ సారూ పక్కపక్క కుర్చీల్లో టీ తాగుతాం.

అపోహ: ఇంగ్లీషు వాళ్ళకి రీసెర్చ్ ఏముంటుంది, గ్రామరేగా?

ఇది తోటి లెక్చరర్లే అంటారు. మంటెక్కే మాట కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను.

కెమికల్ ఇంజనీరింగ్ కుర్రాడొకడు ఇంటర్న్‌షిప్‌లో ఫిల్టర్ శుభ్రం చేసే పద్ధతి ఇంగ్లీషులో రాసి తెచ్చాడు. ఒక వాక్యం, అతను రాసిన వరసలోనే తెలుగులో పెడితే ఇలా ఉంటుంది: ‘తెరవండి డ్రెయిన్ వాల్వ్, పంపు ఆపి ప్రెషర్ దించిన తర్వాత.’ వ్యాకరణం ప్రకారం ఆ ఇంగ్లీషులో ఒక్క తప్పు లేదు. కానీ నైట్ షిఫ్టులో ఒక చేత్తో టార్చి, ఒక చేత్తో కాగితం పట్టుకుని చదివే మనిషి వాక్యం చివరిదాకా ఆగడు. మొదటి మూడు మాటలకే చెయ్యి వాల్వ్ మీదకి పోతుంది. లైన్‌లో ప్రెషర్ అలాగే ఉంటుంది.

“ఇదే పని మీ తమ్ముడికి చెప్పాలంటే ఎలా చెబుతావు?” అన్నాను. తడుముకోకుండా చెప్పాడు: “ముందు పంపు ఆపి, ప్రెషర్ సున్నాకి వచ్చిందో లేదో చూసి, అప్పుడు వాల్వ్ తియ్యరా.”

చూశారా? ఆపి, చూసి, తియ్యి. ముందు చేయాల్సింది ముందే వస్తుంది. మన క్త్వార్థకం, అంటే ‘ఆపి’, ‘చూసి’ లాంటి క్రియారూపం, కట్టే వరస అది. ఆ కుర్రాడికి తెలుగులో తప్పు చేయడమే కష్టం. ఇంగ్లీషులో రాయబోయేసరికి పుస్తకాల్లో బట్టీపట్టిన వరస అడ్డం పడింది. సూచనలు రాసేటప్పుడు మాతృభాష వాక్యక్రమం ఎక్కడ సాయపడుతుంది, ఎక్కడ కాలికి తగులుతుంది అన్నదే నా రీసెర్చ్. పిల్లల ల్యాబ్ రికార్డులు కట్టలుకట్టలు ముందేసుకుని వాక్యం వాక్యం విడదీసి గుర్తులు పెడతాను. స్టీల్ ప్లాంటు, రిఫైనరీ, పోర్టు, షిప్‌యార్డు ఉన్న ఊళ్ళో ఇది పనికిమాలిన పనని ఎవరైనా అంటే, వాళ్ళు ఎప్పుడూ ఆపరేటింగ్ మాన్యువల్ చదివి ఉండరనుకుంటాను.

అపోహ: ప్రొఫైల్ పేజీలో ఉన్నవన్నీ ఆ సారు ఇప్పుడు చేస్తున్న పనులే.

నా వీఎల్ఎస్ఐ సంగతి చెప్పాను కదా. అంత ఘోరం కాకపోయినా, కాలేజీలకి గ్రేడులిచ్చే న్యాక్ బృందం వస్తోందనగానే హడావిడిగా నింపిన పేజీలు చాలానే ఉంటాయి. పదేళ్ళ క్రితం వదిలేసిన టాపిక్ అలాగే ఉండిపోతుంది. ఈమధ్య ఏ శాఖ పేజీ తెరిచినా ఏఐ అన్న మాట ఉప్పులా చల్లి ఉంటోంది.

దానికంటే శోధగంగ చూడండి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే యూజీసీ కేంద్రం నడిపే ఆ భాండాగారంలో పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసాలు ఉచితంగా దొరుకుతాయి. గైడ్ పేరు కొట్టి, ఈ నాలుగైదేళ్ళలో ఆయన దగ్గర ఏ అంశాల మీద సమర్పించారో చూస్తే అసలు ఆసక్తి బయటపడుతుంది. పనిలో పనిగా కృతజ్ఞతల పేజీ కూడా చదవండి. సార్ స్కాలర్‌కి ఎంతవరకు అందుబాటులో ఉన్నారో అక్కడ వరసల మధ్య తెలిసిపోతుంది. మన దగ్గర ఒకే ఇంటిపేరు, ఒకే పొడి అక్షరాలతో నలుగురు శ్రీనివాసరావులు ఉంటారు కాబట్టి ఒక్కో పరిశోధకుడికీ విడిగా ఉండే పదహారంకెల ఆర్కిడ్ నంబరు సరిచూసుకోవడం మర్చిపోకండి.

అపోహ: పేపర్లు ఎన్ని ఎక్కువుంటే అంత గొప్ప.

అందరూ అడిగే హెచ్-ఇండెక్స్‌ని 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించాడు. అది 10 అంటే, కనీసం పదేసిసార్లు వేరే పేపర్లలో ఉటంకించిన పేపర్లు పది ఉన్నాయని. ఒకే శాఖలో ఇద్దరిని పోల్చడానికి కొంత పనికొస్తుంది. శాఖలు దాటిందా, కొలబద్దే తప్పు. హిగ్స్ బోసాన్ అనే సూక్ష్మకణం ద్రవ్యరాశి మీద 2015లో వచ్చిన ఒక్క పేపర్‌కి 5,154 మంది రచయితలు. లెక్కల వాళ్ళు పేర్లు అక్షరక్రమంలో వేసుకుంటారు, అక్కడ మొదటి పేరుకి ప్రత్యేకత లేదు. కంప్యూటర్ సైన్స్‌లో పెద్ద కాన్ఫరెన్సులో పేపర్ రావడమే గొప్ప. సాహిత్యంలో ఏడెనిమిదేళ్ళు కూర్చుని రాసిన ఒక్క పుస్తకమే ఒక మనిషి మొత్తం పని కావచ్చు. తెలుగులో రాసిన మంచి వ్యాసం ఈ లెక్కల్లో ఎక్కడా కనబడదు, ఆ బాధ మా తెలుగు శాఖ మిత్రులు రోజూ చెప్పుకునేదే.

అపోహ: వారానికి పదహారు గంటలే డ్యూటీ.

యూజీసీ 2018 నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి 16 గంటలు, పైవాళ్ళకి 14 గంటలు అని ఉన్నది క్లాసులో చెప్పే సమయం మాత్రమే. అరవై మంది రికార్డులు ఎర్ర పెన్నుతో దిద్దడం అందులో లేదు. ఇంకేమీ చెప్పను.

అపోహ: పీహెచ్‌డీ గైడ్‌ది అచ్చంగా మన సబ్జెక్టే అయ్యుండాలి.

యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం వేరే శాఖ నుంచి గానీ, వేరే సంస్థ నుంచి గానీ కో-గైడ్‌ని పెట్టుకోవచ్చు. భాష, మెషీన్ లెర్నింగ్ కలిసే టాపిక్‌కి కంప్యూటర్ సైన్స్ సార్ ఒకరు, భాషాశాస్త్రం మేడమ్ ఒకరు ఉంటేనే పని సాగుతుంది. లేదంటే ప్రోగ్రామ్ నడుస్తుంది గానీ అది ఇచ్చిన తెలుగు సరైనదో కాదో చెప్పేవాళ్ళుండరు.

అసలు చిక్కు సబ్జెక్టు కంటే సీట్ల దగ్గర వస్తుంది. ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురికి మించి స్కాలర్లు ఉండకూడదు. రిటైర్మెంట్‌కి మూడేళ్ళలోపు ఉన్నవారికి కొత్తవాళ్ళని ఇవ్వరు. ఇది తెలియక ఒకే మెయిల్‌ని ముప్ఫై మందికి పంపి, జవాబు రాలేదని మా దగ్గరికొచ్చి బాధపడే పిల్లలున్నారు. అందులో కొన్నింట్లో అంతకుముందు పంపిన మేడమ్ పేరు కూడా మార్చరు.

పోయిన నెల ఒకమ్మాయి మెయిల్ వచ్చింది. నా థీసిస్ మూడో అధ్యాయంలో ఒక పట్టిక గురించి, హెచ్చరిక వాక్యాలని సూచనల్లో కలిపి ఎందుకు లెక్కపెట్టారని అడిగింది. ఆ రాత్రే జవాబు రాశాను. నా దగ్గర సీటు ఖాళీ లేదు, వచ్చే ఏడాది ఇద్దరు సమర్పిస్తారు, అప్పటిదాకా ఎంట్రన్స్ రాసి ఉంచుకోమన్నాను. పట్టిక విషయంలో ఆ అమ్మాయి అన్నదే రైటు.